వృద్ధి కారక గ్రాహకాలను ఇతర సంకేత అణువులు పరోక్షంగా ఎలా నియంత్రిస్తాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు, విజయవాడ కళాశాలల్లో జీవరసాయన శాస్త్రం, బయోటెక్నాలజీ చదివే విద్యార్థులు, వైద్య విద్య మొదటి సంవత్సరాల్లో ఉన్నవారు, అప్పుడప్పుడు రోగుల ఇళ్లవాళ్లు అడిగే ప్రశ్నలకు సమాధానాలివి. పాఠ్యపుస్తకాల్లో ఈ విషయానికి చాలాచోట్ల ఒక పేరాకు మించి చోటు దొరకదు. కానీ కేన్సర్ మందులు ఒకరికి పనిచేసి మరొకరికి పనిచేయకపోవడానికి గల కారణాల్లో ఒకటి ఇక్కడే ఉంది కాబట్టి, కొన్ని సమాధానాలను కావాలనే పొడిగించాను.

పరోక్షంగా నియంత్రించడం అంటే ఏమిటి?

వృద్ధి కారక గ్రాహకం, అంటే గ్రోత్ ఫ్యాక్టర్ రిసెప్టర్, కణత్వచానికి అటూ ఇటూ విస్తరించి ఉండే ప్రోటీన్. దాని బయటి భాగం వృద్ధి కారకాన్ని పట్టుకుంటుంది, లోపలి భాగం టైరోసిన్ కైనేజ్‌గా, అంటే ప్రోటీన్లలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్‌గా పనిచేస్తుంది. తన వృద్ధి కారకం వచ్చి అంటుకున్నందువల్ల గ్రాహకం మేల్కొంటే అది ప్రత్యక్ష నియంత్రణ. అలా కాకుండా, ఈ గ్రాహకాన్ని ఎక్కడా తాకని అణువు ఒకటి వేరే గ్రాహకానికి అంటుకుని, అక్కడ మొదలైన చర్యల వరుస చివరికి ఈ గ్రాహకాన్ని మేల్కొలిపినా, నిద్రపుచ్చినా, కణత్వచం మీద దాని సంఖ్యను తగ్గించినా అది పరోక్ష నియంత్రణ అవుతుంది. ఖమ్మం వైపు కురిసిన వానకు మున్నేరు పొంగితే, విజయవాడలో చినుకైనా పడకుండానే ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తవలసి వస్తుంది. గేటు ఎందుకు ఎత్తారో విజయవాడ ఆకాశాన్ని చూసి చెప్పలేము. గ్రాహకం మీద ఫాస్ఫేట్ కనిపించిన ప్రతిసారీ దాని సొంత వృద్ధి కారకమే వచ్చిందని అనుకోవడం అలాంటి పొరపాటే.

నేరుగా జరిగే పనిని ముందు క్లుప్తంగా చెప్పగలరా?

ఉదాహరణగా ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్ గ్రాహకాన్ని, అంటే ఈజీఎఫ్‌ఆర్‌ను తీసుకుందాం. ఈజీఎఫ్‌ను ఎలుకల లాలాజల గ్రంథి నుంచి వేరుచేసిన స్టాన్లీ కోహెన్, నాడీ వృద్ధి కారకాన్ని కనుగొన్న రీటా లెవీ-మొంటాల్చినీ 1986లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. ఈజీఎఫ్ అంటుకోగానే గ్రాహకం ఆకారం మారి, రెండు గ్రాహకాలు జతకడతాయి. జతలో ఒకదాని కైనేజ్ భాగం రెండోదాన్ని ఉత్తేజపరుస్తుంది, తోక భాగాల్లోని టైరోసిన్‌లకు ఫాస్ఫేట్లు చేరతాయి, వాటి మీద జీఆర్‌బీ2 వంటి ప్రోటీన్లు వచ్చి వాలతాయి, అక్కడి నుంచి రాస్, ఆర్‌ఏఎఫ్, ఎంఈకే, ఈఆర్‌కే అనే, కణాన్ని పెరుగుదల వైపు నడిపే ప్రోటీన్ల వరుస కదులుతుంది. ఈజీఎఫ్‌ఆర్ కుటుంబంలో నాలుగు గ్రాహకాలున్నాయి. వాటిలో హెచ్‌ఈఆర్2కు తనదైన వృద్ధి కారకం ఏదీ లేదు, హెచ్‌ఈఆర్3కు కైనేజ్ శక్తి చాలా తక్కువ. అంటే కుటుంబం లోపలే ఒకదాని మీద ఒకటి ఆధారపడడం మొదటి నుంచీ ఉంది.

సొంత వృద్ధి కారకాన్ని ఇవ్వకుండానే ఈజీఎఫ్‌ఆర్ మేల్కొంటుందని ఎలా తెలిసింది?

జర్మనీలోని మార్టిన్స్‌రీడ్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ జీవరసాయన సంస్థలో ఆక్సెల్ ఉల్‌రిష్ బృందం 1996లో ప్రచురించిన ప్రయోగంతో ఈ విషయం గట్టిగా నిలబడింది. వారు ఎలుక ఫైబ్రోబ్లాస్ట్ కణాలకు ఎండోథీలిన్, లైసోఫాస్ఫాటిడిక్ ఆమ్లం, త్రాంబిన్ ఇచ్చారు. ఈ మూడింటికీ వేరే గ్రాహకాలున్నాయి. అవన్నీ జీ-ప్రోటీన్‌తో ముడిపడిన గ్రాహకాలు, అంటే జీపీసీఆర్‌లు. వాటికి టైరోసిన్ కైనేజ్ లేదు. అయినా ఆ కణాల్లో నిమిషాల వ్యవధిలోనే ఈజీఎఫ్‌ఆర్ మీద టైరోసిన్ ఫాస్ఫారిలేషన్, అంటే టైరోసిన్‌లకు ఫాస్ఫేట్ చేరడం, కనిపించింది.

ఇది అనుకోకుండా పక్కన జరిగిన మార్పా, లేక కణం చేసే పనికి అవసరమైనదా అన్నదే అసలు ప్రశ్న. అందుకే ఆ బృందం ఏజీ1478 అనే ఈజీఎఫ్‌ఆర్ నిరోధకాన్ని వాడి చూసింది, అంతటితో ఆగకుండా పనిచేయని ఈజీఎఫ్‌ఆర్ రూపాన్ని కణాల్లోకి పంపి కూడా చూసింది. రెండు పద్ధతుల్లోనూ ఈఆర్‌కే ఉత్తేజం తగ్గింది, డీఎన్ఏ తయారీ కూడా పడిపోయింది. ఒకటి రసాయనంతో, మరొకటి జన్యువుతో చేసిన రెండు వేర్వేరు అడ్డంకులు ఒకే ఫలితాన్ని ఇవ్వడమే ఈ ప్రయోగానికి బలం. నిరోధకం ఒక్కదానితోనే ఆగి ఉంటే, అది ఇంకేదో కైనేజ్‌ను కూడా అడ్డుకుని ఉండవచ్చన్న సందేహం మిగిలిపోయేది. ఇలా ఒక గ్రాహకం ఉత్తేజం మరో గ్రాహకాన్ని ఉత్తేజపరచడాన్ని ట్రాన్స్‌యాక్టివేషన్ అంటారు.

మరి ఆ రెండు గ్రాహకాల మధ్య వార్తను మోసేదేమిటి?

ఈ భాగం నాకు ఎన్నిసార్లు చదివినా తృప్తినిస్తుంది, ఎందుకంటే 1996 తరువాత చాలామంది సమాధానం కణం లోపల ఉంటుందని భావించారు, తీరా అది కణం బయట దొరికింది. 1999లో అదే బృందం ఒక సంకర గ్రాహకాన్ని తయారుచేసింది. దాని బయటి భాగం ఈజీఎఫ్‌ఆర్‌ది, మిగతాదంతా పీడీజీఎఫ్ అనే మరో వృద్ధి కారకపు గ్రాహకానిది. జీపీసీఆర్‌ను ఉత్తేజపరచినప్పుడు ఈ సంకర గ్రాహకం మేల్కొంది, పక్కనే ఉన్న మామూలు పీడీజీఎఫ్ గ్రాహకం మాత్రం మేల్కొనలేదు. అంటే వార్తను అందుకున్నది ఈజీఎఫ్‌ఆర్ బయటి భాగమే.

బయటి భాగానికి వార్త అందాలంటే అక్కడ ఒక వృద్ధి కారకం ఉండాలి. అది ఈజీఎఫ్ కుటుంబానికే చెందిన హెచ్‌బీ-ఈజీఎఫ్. కణత్వచానికే అతుక్కుని ఉండే పూర్వరూపంగా ఇది తయారవుతుంది. జీపీసీఆర్ ఉత్తేజం కణత్వచం మీది మెటలోప్రోటీనేజ్ అనే ఎంజైమ్‌ను కదిలిస్తుంది, ఆ ఎంజైమ్ పూర్వరూపాన్ని తెంచుతుంది, విడుదలైన ముక్క అదే కణం మీద గానీ, పొరుగు కణం మీద గానీ ఉన్న ఈజీఎఫ్‌ఆర్‌ను పట్టుకుంటుంది. మెటలోప్రోటీనేజ్‌ను ఆపే బాటిమాస్టాట్ ఇచ్చినప్పుడు ట్రాన్స్‌యాక్టివేషన్ ఆగిపోయింది. హెచ్‌బీ-ఈజీఎఫ్‌ను పట్టి ఉంచే సీఆర్ఎం197 ఇచ్చినప్పుడూ ఆగిపోయింది. సీఆర్ఎం197 అనేది డిఫ్తీరియా, అంటే కంఠసర్పి విషానికి హాని చేయని మార్పు రూపం. హెచ్‌బీ-ఈజీఎఫ్ పూర్వరూపమే ఆ విషం మనిషి కణంలోకి ప్రవేశించే ద్వారం కావడం వల్ల, వ్యాధి అధ్యయనంలో పుట్టిన పనిముట్టు ఇక్కడ ఇలా అక్కరకు వచ్చింది.

తెంచే ఎంజైములు అన్ని కణాల్లోనూ ఒకటే కావు. ఏడీఏఎం కుటుంబానికి చెందిన 10, 12, 17 సంఖ్యల ఎంజైములు వేర్వేరు కణజాలాల్లో ఈ పని చేస్తాయి. తెగే వృద్ధి కారకం కూడా ఎప్పుడూ హెచ్‌బీ-ఈజీఎఫే కానక్కరలేదు. ఈజీఎఫ్‌ఆర్‌కు మొత్తం ఏడు వృద్ధి కారకాలున్నాయి, వాటిలో టీజీఎఫ్-ఆల్ఫా, యాంఫీరెగ్యులిన్ కూడా ఇలా తెగి విడుదలవుతాయి.

కణం ఇంత చుట్టుదారిని ఎందుకు ఉంచుకుంది?

మనిషి జన్యుపటంలో సుమారు 800 జీపీసీఆర్‌లు ఉన్నాయి, టైరోసిన్ కైనేజ్ గ్రాహకాలు 58 మాత్రమే. హార్మోన్లు, నాడీ సంకేతాలు, రక్తం గడ్డకట్టే సమయంలో పుట్టే త్రాంబిన్, గాయం దగ్గర విడుదలయ్యే కొవ్వు అణువులు అన్నీ మొదట జీపీసీఆర్‌లకే చేరతాయి. కణాలు పెరగాలన్నా, గాయం పూడాలన్నా మాత్రం టైరోసిన్ కైనేజ్ యంత్రాంగం కావాలి. ఉన్న యంత్రాంగాన్నే అన్ని వైపుల నుంచీ పిలవగలిగితే ప్రతి హార్మోనుకూ ప్రత్యేకంగా ఒకటి అక్కరలేదు. ఇది నా అభిప్రాయంగానే తీసుకోండి, పరిణామం ఏ కారణంతో ఏది ఎంచుకుందో ప్రయోగంతో రుజువు చేయడం కష్టం.

కణం బయటికి పోకుండా, లోపలి నుంచే గ్రాహకాన్ని ఉత్తేజపరిచే దారులు ఉన్నాయా?

ఉన్నాయి. మొదటిది వేరే కైనేజ్ వచ్చి గ్రాహకం మీద ఫాస్ఫేట్ పెట్టడం. ఎస్‌ఆర్‌సీ అనే కైనేజ్ ఈజీఎఫ్‌ఆర్‌లో 845వ స్థానంలోని టైరోసిన్ మీద ఫాస్ఫేట్ పెడుతుంది. ఈజీఎఫ్‌ఆర్ తనకు తానుగా ఫాస్ఫేట్ పెట్టుకునే ముఖ్య స్థానాల్లో అది లేదు కాబట్టి, ఆ స్థానంలోని ఫాస్ఫేట్ ఎస్‌ఆర్‌సీ ప్రమేయానికి సూచనగా పనికివస్తుంది. పెరుగుదల హార్మోన్ విషయంలో సంగతి ఇంకా ఆసక్తికరం. ఆ హార్మోన్ గ్రాహకానికి తోడుండే జాక్2 కైనేజ్ ఈజీఎఫ్‌ఆర్ తోక మీద ఫాస్ఫేట్ పెట్టగలదని 1997లో చూపించారు. అప్పుడు ఈజీఎఫ్‌ఆర్ సొంత కైనేజ్ పనిచేయకపోయినా పరవాలేదు, జీఆర్‌బీ2 వచ్చి వాలడానికి చోటుగా ఉంటే చాలు.

రెండో దారి ఫాస్ఫేట్‌ను తీసేసే ఎంజైములను అడ్డుకోవడం. గ్రాహకాల మీద ఫాస్ఫేట్ పడడం, తొలగడం నిరంతరం జరుగుతూనే ఉంటాయి. రక్తపోటును పెంచే యాంజియోటెన్సిన్ వంటి అణువులు కణంలో ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్‌ను కదిలించినప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. అది పీటీపీ1బీ వంటి ఫాస్ఫటేజ్‌ల క్రియాస్థానంలోని సిస్టీన్‌ను ఆక్సీకరించి, వాటిని కొంతసేపు పనిచేయకుండా చేస్తుంది. అప్పుడు కొత్తగా ఎవరూ ఉత్తేజపరచకపోయినా, తీసేవారు లేక గ్రాహకం మీద ఫాస్ఫేట్ నిలిచిపోతుంది.

నాడీ కణాల్లో అడినోసిన్ తన ఏ2ఏ గ్రాహకం ద్వారా నాడీ వృద్ధి కారక గ్రాహకమైన టీఆర్‌కే-ఏను మేల్కొలుపుతుంది. నాడీ వృద్ధి కారకం లేకుండానే ఎస్‌ఆర్‌సీ కుటుంబం ద్వారా జరిగే ఈ ఉత్తేజం నిమిషాల్లో కాక గంటకు పైగా సమయం తీసుకుంటుంది.

పరోక్ష నియంత్రణ అంటే ఎప్పుడూ ఉత్తేజమేనా? అణచివేత ఉండదా?

తప్పకుండా ఉంటుంది, పరీక్షల్లో విద్యార్థులు ఎక్కువగా వదిలేసేది దీన్నే. ప్రోటీన్ కైనేజ్ సీ ఉత్తేజితమైతే ఈజీఎఫ్‌ఆర్‌లో 654వ స్థానంలోని త్రియోనిన్ మీద ఫాస్ఫేట్ పెడుతుంది. దాంతో ఈజీఎఫ్‌ను గట్టిగా పట్టుకునే శక్తీ, కైనేజ్ పనీ తగ్గుతాయి. ఇదే కైనేజ్ మరోవైపు మెటలోప్రోటీనేజ్‌ను కదిలించి ఈజీఎఫ్‌ఆర్‌ను ఉత్తేజపరచగలదు కూడా. ఒకే ఎంజైమ్ రెండు వ్యతిరేక ఫలితాలను ఇవ్వడం చూసి కంగారుపడనక్కరలేదు, ఏ కణం, ఎంతసేపు, ఏ మోతాదు అన్నవి చెప్పకుండా ప్రోటీన్ కైనేజ్ సీ ఈజీఎఫ్‌ఆర్‌ను పెంచుతుందా తగ్గిస్తుందా అని అడగడమే అసంపూర్ణమైన ప్రశ్న.

వాపును కలిగించే సంకేత అణువైన టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, అతినీలలోహిత కాంతి వంటివి పీ38 కైనేజ్ ద్వారా గ్రాహకాన్ని కణం లోపలికి లాగేస్తాయి. ఎంఐజీ6 అనే ప్రోటీన్ కైనేజ్ భాగాలు జతకట్టే చోటును మూసేస్తుంది. సీ-సీబీఎల్ అనే ఎంజైమ్ యూబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ను గుర్తుగా తగిలించి, గ్రాహకాన్ని కణంలో ప్రోటీన్లను ముక్కలుచేసే లైసోజోమ్‌కు పంపుతుంది.

ఇన్సులిన్ గ్రాహకానికీ ఇలాంటిది జరుగుతుందా?

జరుగుతుంది. కొవ్వు కణజాలంలో పెరిగిన టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇన్సులిన్ గ్రాహకం నుంచి సందేశాన్ని అందుకునే ఐఆర్ఎస్-1 ప్రోటీన్‌లో సీరిన్‌ల మీద ఫాస్ఫేట్ పడేలా చేసి, ఇన్సులిన్ సంకేతాన్ని బలహీనపరుస్తుందని 1990లలో తేలింది. ఇన్సులిన్ నిరోధకతకు ఇది ఒక కారణం, ఏకైక కారణం కాదు.

కేన్సర్ మందు పనిచేయకపోవడానికి ఈ పరోక్ష దారులు కారణమవుతాయా?

అవుతాయి, ఇందుకు స్పష్టమైన ఉదాహరణ పెద్దపేగు కేన్సర్‌లో దొరికింది. ముందు చెప్పిన ఆర్‌ఏఎఫ్‌లలో ఒకటైన బీఆర్‌ఏఎఫ్ ప్రోటీన్‌లో 600వ స్థానంలోని వాలీన్ బదులు గ్లుటామిక్ ఆమ్లం చేరితే ఆ కైనేజ్ ఆగకుండా పనిచేస్తుంది. మెలనోమా అనే చర్మ కేన్సర్‌లో ఈ మార్పు ఉన్నవారికి వెమురాఫెనిబ్ ఇస్తే సుమారు సగం మందిలో కణితి గణనీయంగా తగ్గింది. అదే మార్పు ఉన్న పెద్దపేగు కేన్సర్ రోగులకు అదే మందు ఇస్తే ఆ సంఖ్య నూటికి 5 దగ్గరే ఆగిపోయింది. మార్పు అదే, మందు అదే, ఫలితం మాత్రం వేరు.

కారణం 2012లో బయటపడింది. బీఆర్‌ఏఎఫ్ విపరీతంగా పనిచేస్తున్నంతకాలం, దాని కిందనున్న ఈఆర్‌కే వరుస వెనక్కి తిరిగి ఈజీఎఫ్‌ఆర్‌ను అణచి ఉంచుతుంది. ఈ అణచివేతలో సీడీసీ25సీ అనే ఫాస్ఫటేజ్‌కు పాత్ర ఉంది. మందు బీఆర్‌ఏఎఫ్‌ను ఆపగానే ఆ అణచివేత కూడా తొలగిపోతుంది. అప్పుడు ఈజీఎఫ్‌ఆర్ మేల్కొని కణాన్ని మళ్లీ పెరుగుదల వైపు నడిపిస్తుంది. మెలనోమా కణాల మీద ఈజీఎఫ్‌ఆర్ చాలా తక్కువగా ఉంటుంది కాబట్టి అక్కడ ఈ తిరుగుబాటు అంతగా కనిపించలేదు. ఈ అవగాహనతోనే బీఆర్‌ఏఎఫ్ నిరోధకమైన ఎంకోరాఫెనిబ్‌కు ఈజీఎఫ్‌ఆర్‌ను అడ్డుకునే సెటుక్సిమాబ్‌ను జతచేశారు, ముందే చికిత్స తీసుకున్న రోగుల కోసం ఆ జోడీకి అమెరికాలో 2020లో అనుమతి లభించింది. ఒక్క లక్ష్యాన్ని కొట్టేటప్పుడు ఆ లక్ష్యం ఇంకెవరిని అణచి ఉంచుతోందో చూడాలన్న ఆలోచన చికిత్సలోకి ఇలా వచ్చింది.

పొగాకు పొగకు ఈ గ్రాహకంతో సంబంధం ఉందా?

ఉంది. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న గుంటూరులో ఈ ప్రశ్న సహజంగానే వస్తుంది. సిగరెట్ పొగలోని ఆక్సీకరణ పదార్థాలు శ్వాసనాళపు పొర కణాల్లో ఏడీఏఎం17ను కదిలించి, టీజీఎఫ్-ఆల్ఫాను తెంచి, ఈజీఎఫ్‌ఆర్ ద్వారా కఫంలోని మ్యూసిన్ తయారీని పెంచుతాయని కణాల మీద చేసిన ప్రయోగాలు చూపించాయి. పొగ తాగేవారిని వదలని కఫానికి ఇది ఒక వివరణ. ఊపిరితిత్తుల కేన్సర్‌లో కనిపించే ఈజీఎఫ్‌ఆర్ మ్యుటేషన్లు దీనికి భిన్నమైనవి. అవి ఎన్నడూ పొగ తాగనివారిలోనే ఎక్కువగా కనిపిస్తాయి.

మిరపలోని కాప్సైసిన్ ఈజీఎఫ్‌ఆర్‌ను అణచుతుందని చదివాం. నిజమేనా?

పేగు పొర కణాల్లో టీఆర్‌పీవీ1 అనే అయాన్ ద్వారం ఉంది. నాలుక మీద కారాన్ని మనకు తెలియజేసేది కూడా ఇదే. ఈజీఎఫ్‌ఆర్ ఉత్తేజితమైనప్పుడు ఈ ద్వారం తెరుచుకుని, కాల్షియం లోపలికి వచ్చి, కాల్పైన్ ద్వారా పీటీపీ1బీని పనిలోకి దింపుతుంది, ఆ ఫాస్ఫటేజ్ ఈజీఎఫ్‌ఆర్ మీది ఫాస్ఫేట్‌ను తీసేస్తుంది అని 2014లో ఒక పరిశోధన చూపించింది. పేగు కణితులు వచ్చేలా జన్యుమార్పు ఉన్న ఎలుకలకు ఆహారంలో కాప్సైసిన్ ఇచ్చినప్పుడు కణితులు తగ్గి, అవి ఎక్కువకాలం బతికాయి.

ఇది పరోక్ష నియంత్రణకు చక్కటి ఉదాహరణ. అంతే తప్ప, తేజ రకం మిరప తింటే పేగు కేన్సర్ రాదని దీనివల్ల ఎవరూ చెప్పలేరు. ప్రత్యేకమైన జన్యుమార్పు ఉన్న ఎలుకలకు లెక్కకట్టి ఇచ్చిన మోతాదుకూ, మన కంచంలోని కారానికీ మధ్య చాలా దూరం ఉంది. మిర్చి యార్డు ఉన్న ఊరు కాబట్టి ఇలాంటి వార్త ఇక్కడ త్వరగా పాకుతుంది. దాన్ని పంచేముందు అది ఎలుకల మీద చేసినదన్న మాట కూడా జతచేయమని మనవి.

బీపీకి వేసుకునే లోసార్టాన్, టెల్మిసార్టాన్ మాత్రలకు దీనితో సంబంధముందా?

ఈ మందులు యాంజియోటెన్సిన్ పట్టుకునే ఏటీ1 గ్రాహకాన్ని అడ్డుకుంటాయి. రక్తనాళాల నునుపు కండర కణాల్లో ఏటీ1 ఉత్తేజం ఈజీఎఫ్‌ఆర్‌ను ట్రాన్స్‌యాక్టివేట్ చేస్తుందని ప్రయోగశాలల్లో పదేపదే చూశారు. 2002లో ఎలుకల్లో, హెచ్‌బీ-ఈజీఎఫ్ తెగకుండా ఆపితే గుండె కండరం మందపడడం తగ్గిందని కూడా చూపించారు. అయితే ఈ మాత్రలను ఇచ్చేది రక్తపోటు కోసం. ఈ సమాధానం చదివి ఎవరూ మాత్రను మార్చడం గానీ, మానడం గానీ చేయకూడదు.

మా ప్రాజెక్టులో ఒక అణువు ఇస్తే ఈజీఎఫ్‌ఆర్ ఫాస్ఫారిలేషన్ పెరిగింది. అది ప్రత్యక్షమా, పరోక్షమా ఎలా తేల్చాలి?

ముందుగా కణాలను సీరం లేని మాధ్యమంలో ఉంచారో లేదో చూసుకోండి. సీరంలోనే లైసోఫాస్ఫాటిడిక్ ఆమ్లం ఉంటుంది, అది స్వయంగా ట్రాన్స్‌యాక్టివేషన్ చేయగలదు. తరువాత రెండు నిమిషాల నుంచి గంట దాకా వేర్వేరు సమయాల్లో కణాలను సేకరించి, ఈజీఎఫ్ ఇచ్చిన కణాలను పక్కన పెట్టి పోల్చండి. ఆపైన మెటలోప్రోటీనేజ్ నిరోధకంతో ఒకసారి, గ్రాహకపు బయటి భాగాన్ని మూసే సెటుక్సిమాబ్ వంటి యాంటీబాడీతో మరొకసారి చేయండి. ఈ రెండింటితోనూ ఫాస్ఫారిలేషన్ ఆగితే, తెగి విడుదలైన వృద్ధి కారకం మధ్యలో ఉందని చెప్పవచ్చు. రెండింటితోనూ ఆగకుండా ఎస్‌ఆర్‌సీ నిరోధకంతో ఆగితే దారి కణం లోపలిది. కానీ ఎస్‌ఆర్‌సీ మెటలోప్రోటీనేజ్‌కు ముందు కూడా పనిచేయగలదు కాబట్టి, ఎస్‌ఆర్‌సీ నిరోధకం ఫలితం ఒక్కదాన్నే చూసి దారి లోపలిదని రాయకండి.

నిరోధకం వాడిన ప్రతిచోటా వీలైతే ఆ జన్యువును తగ్గించి కూడా చూడాలి. అందుకు మీ కళాశాలలో సౌకర్యం లేకపోతే, మీ ఫలితం ఎంతవరకు చెబుతుందో అంతవరకే రాయండి. ఫాస్ఫేట్ ఏ టైరోసిన్ మీద ఉందో విడిగా గుర్తించే యాంటీబాడీలు దొరుకుతాయి, 845వ స్థానానికి ఒకటి, 1068వ స్థానానికి ఒకటి తీసుకున్నా చాలా విషయం తెలుస్తుంది.

మా ఇంట్లో ఒకరి బయాప్సీ రిపోర్టులో ఈజీఎఫ్‌ఆర్ మ్యుటేషన్ పాజిటివ్ అని ఉంది. అది కూడా పరోక్ష ఉత్తేజమేనా?

కాదు. అక్కడ గ్రాహకపు జన్యువులోనే మార్పు ఉంది. జన్యువులోని 19వ ఎక్సాన్ అనే ఖండంలో కొంత భాగం పోవడం, లేదా 858వ స్థానంలో లూసీన్ బదులు ఆర్జినీన్ చేరడం ఎక్కువగా కనిపించే రెండు మార్పులు. అలా మారిన గ్రాహకం వృద్ధి కారకం కోసం ఎదురుచూడకుండానే పనిచేస్తుంది. ఈ రెండు మార్పులకూ గెఫిటినిబ్, ఎర్లోటినిబ్, ఓసిమెర్టినిబ్ వంటి మాత్రలు ఉన్నాయి, రిపోర్టులో ఏ మార్పు ఉందన్నదాన్ని బట్టి కేన్సర్ వైద్యులు మందును ఎంచుకుంటారు. మందు కొంతకాలం పనిచేసి ఆగిపోతే, ఎంఈటీ అనే మరో గ్రాహకం సంఖ్య పెరిగి హెచ్‌ఈఆర్3 ద్వారా అదే సంకేతాన్ని మళ్లీ నడిపించడం కారణం కావచ్చు. అందుకే ఆ దశలో వైద్యులు రెండోసారి బయాప్సీ గానీ, రక్తపరీక్ష గానీ అడుగుతారు. ఆ పరీక్ష వద్దనుకునే ముందు, దాని ఫలితాన్ని బట్టి మందు మారే అవకాశం ఉందా అని వైద్యుణ్ణి నేరుగా అడగండి.